రంగు ఆరేదాకా

నమూనా వాహనాల తయారీని ఇష్టపడుతూ కూడా దానికి దూరంగా ఉండిపోయేవారు చెప్పే కారణాల్లో డబ్బు, తీరిక తరువాతి స్థానాల్లోకి వస్తాయి; మొదట వినిపించేది తమకు అంత ఓర్పు లేదన్న మాటే. ఓర్పు కొందరికి పుట్టుకతో అబ్బే గుణమనీ, అది ఉన్నవారు మాత్రమే రూపాయి బిళ్లంత చక్రాలకూ, బియ్యపు గింజంత దీపాలకూ రంగు వేయగలరనీ ఆ మాటలో ఒక నమ్మకం ఇమిడి ఉంది. ఈ అభిరుచిని కొంత దగ్గరగా పరిశీలిస్తే ఆ నమ్మకం నిలబడదు. ఎనామెల్ రంగు పూర్తిగా గట్టిపడడానికి రోజులు పడుతుంది. ఆత్రగాడి బల్ల మీదనైనా నిదానస్తుడి బల్ల మీదనైనా అది అంతే కాలం తీసుకుంటుంది, ఎందుకంటే ఆ కాలాన్ని నిర్ణయించేవి రంగు గుణమూ, పొర మందమూ, గది వాతావరణమూ తప్ప పనిచేసేవాడి స్వభావం కాదు. ఇద్దరి మధ్య తేడా ఒక్కటే: ఆ ఎదురుచూపు వేళ ఒకరి చేతిలో చేయదగిన మరో పని ఉంటుంది, రెండోవారి ఎదుట ఆరని బాడీ తప్ప మరేమీ ఉండదు. కాబట్టి ఈ అధ్యాయం ఓర్పును అలవరచుకొమ్మని బోధించదు. ఓర్పు తక్కువగా ఖర్చయ్యేట్టు పనులను ఏ వరసలో పేర్చుకోవాలో వివరిస్తుంది.

స్కేలు, దాని వెనుక కథ

అంగట్లో దొరికే ఆటబొమ్మ కారు చూసినవారికి కారు గుర్తుకు వస్తే చాలు. నమూనా వాహనం మాత్రం అసలు వాహనంలోని ప్రతి కొలతనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి చూపాలి. ఆ నిష్పత్తినే స్కేలు అంటారు. 1/24 స్కేలు అంటే అసలు బండిలో 24 సెంటీమీటర్లున్న భాగం నమూనాలో 1 సెంటీమీటరు ఉంటుందని అర్థం. సుమారు 4.3 మీటర్ల పొడవుండే అంబాసిడర్ కారు ఈ లెక్కన 18 సెంటీమీటర్లకు తగ్గి చాచిన అరచేతి మీద నిలుస్తుంది. అదే స్కేలులో 11 మీటర్ల ఆర్టీసీ బస్సును చేయబోతే అది దాదాపు 46 సెంటీమీటర్లకు చేరి మామూలు అలమరలో ఒక అరనంతా ఆక్రమిస్తుంది, కనుక బస్సులు, లారీలు చేయదలచినవారు 1/43, 1/50 వంటి చిన్న స్కేళ్లకు దిగుతారు. కార్లకు 1/24, అమెరికా కార్లకు 1/25, మోటారు సైకిళ్లకు 1/12, సైనిక వాహనాలకు 1/35, 1/72 వాడుకలో స్థిరపడ్డాయి.

ఈ అంకెలన్నీ ఎవరో కూర్చుని శాస్త్రీయంగా నిర్ణయించినవి కావు. జపాన్‌లోని షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తామియా సంస్థ చెక్క నమూనాలు చేసి, ప్లాస్టిక్ ముందు ఆ గిరాకీ నిలవకపోవడంతో 1960లో ప్లాస్టిక్ వైపు మళ్లింది. ఆ తరువాత అది జర్మన్ పాంథర్ ట్యాంకును తయారు చేయబోయినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత చోటు వదలి పై ఆకారాన్ని రూపొందించగా, తీరా కొలిచి చూస్తే అది అసలు ట్యాంకులో ఇంచుమించు 35వ వంతుగా తేలింది. నేడు ప్రపంచమంతటా సైనిక నమూనాలకు ప్రామాణికంగా చలామణి అవుతున్న 1/35 ఆ విధంగా బ్యాటరీల కొలతలోంచి పుట్టింది.

ప్లాస్టిక్ కిట్, అంటే కత్తిరించి అతికించుకోవలసిన విడిభాగాల పెట్టె, అంతకు ముందే బ్రిటన్‌లో మొదలైంది. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో విమానాల కిట్లను 1/72 స్కేలులో విడుదల చేసింది. ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1949లో ఫెర్గుసన్ ట్రాక్టరు కంపెనీ అమ్మకపు ప్రతినిధుల కోసం ఒక చిన్న ట్రాక్టరు నమూనాను పోతపోసింది. దానినే తరువాత విడిభాగాలుగా అమ్మారు. 1952లో అదే సంస్థ గోల్డెన్ హైండ్ అనే ఓడ నమూనాను పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి వూల్‌వర్త్ దుకాణాల్లో అతి చవకగా అందుబాటులోకి తేవడంతో ఇది సామాన్యుల అభిరుచి అయింది. అమెరికాలో ఏఎంటీ సంస్థ కార్ల డీలర్ల బల్లల మీద పెట్టే ప్రచార నమూనాలతో మొదలై, 1958 నుంచి ఒకే పెట్టెలోని భాగాలతో మూడు రకాలుగా కట్టుకోదగిన కార్ల కిట్లను అందించింది. గమనించదగిన సంగతి ఏమిటంటే, ట్రాక్టరైనా కారైనా తొలి నమూనాలు పిల్లల కోసం పుట్టలేదు. అమ్మకందారు కొనుగోలుదారుకు చూపడానికి పుట్టాయి. వివరం పట్ల ఈ రంగానికున్న పట్టుదలకు మూలం కొంతవరకు అక్కడే ఉందనుకోవచ్చు.

తెలుగు నేలకు ప్లాస్టిక్ కిట్ పరాయిదే గాని అందులోని పని వరస పరాయిది కాదు. కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రను ముందు తేమ పోయేదాకా ఆరబెట్టి, బొమ్మ అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, ఆపైన సున్నపు పూత వేసి, అది ఆరాకే రంగులకు పోతారు. నమూనా వాహనాల పరిభాషలో చెప్పాలంటే మక్కు పుట్టీ, సున్నపు పూత ప్రైమర్. ఆ ఊళ్లో ఒక్క బొమ్మను పట్టుకుని అది ఆరేదాకా ఎదురు చూస్తూ కూర్చునేవారుండరు; ఒక వరస ఆరుతుంటే మరో వరస చెక్కుతుంటారు, ఇంకో వరసకు రంగు పడుతుంటుంది. ఇంట్లో ఒక్క కారు చేసుకునే ఔత్సాహికులు నేర్చుకోవలసిన మెలకువ సరిగ్గా ఇదే.

మొదటి కిట్

కొత్తవారిలో చాలామంది తమకు అత్యంత ఇష్టమైన, మెరిసే ఎర్రటి స్పోర్ట్స్ కారుతో మొదలుపెట్టాలనుకుంటారు. ఇది తొందరపాటు. నిగనిగలాడే రంగు ఏ తప్పునూ దాచదు; అతుకు గీత, దుమ్ము రేణువు, వేలిముద్ర, జారిన చుక్క, అన్నీ అద్దంలో కనబడినట్టు కనబడతాయి. సైనిక జీపు లేదా ట్యాంకు ఇందుకు పూర్తిగా భిన్నం. దాని రంగు మెరవదు, ఒంటి మీద బురద సహజం, అతుకు సరిగా పడని చోట ఒక సంచినో తాడునో తగిలించినా తప్పు పట్టేవారుండరు. అందువల్ల మొదటి ప్రయత్నానికి 1/35 స్కేలులో కొద్ది భాగాలున్న జీపు కిట్ తగినది. రెండో మూడో ప్రయత్నంలో కారుకు రావచ్చు. దిగుమతి కిట్ల ధర భారమనిపించినవారికి మరో దారి ఉంది. సెంటీ వంటి దేశీయ సంస్థలు చేసే ఆటోరిక్షా, అంబాసిడర్ బొమ్మలను విప్పి, కొత్తగా రంగులు వేసి నమూనాలుగా మార్చుకోవడం భారతీయ ఔత్సాహికుల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. ఇందులో అతికే పని తక్కువ కాబట్టి రంగుల పని మీదనే చేయి తిరుగుతుంది, చెడిపోయినా మనసు నొచ్చుకోదు.

పనిముట్ల విషయంలో కొత్తవారు చేసే ఖర్చు సాధారణంగా అవసరాన్ని మించిపోతుంది. చదునైన అంచు గల చిన్న కట్టరు, పదునైన హాబీ కత్తి, 400 నుంచి 2000 వరకు వేర్వేరు నంబర్ల ఉప్పుకాగితం, ఒక పట్టకారు, రెండు మంచి కుంచెలు, మాస్కింగ్ టేపు ఉంటే పని మొదలవుతుంది. తడిపి రుద్దే రకం ఉప్పుకాగితాన్ని మన ఊళ్ల రంగుల దుకాణాల్లో వాటర్‌పేపర్ అంటారు; నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. ఎయిర్‌బ్రష్ అనే సన్నని రంగుతుంపర పరికరాన్నీ, దానికి గాలినిచ్చే కంప్రెసరునూ మొదటి కిట్‌తోపాటే కొనడం అనవసరం. కనీసం మూడు నమూనాలు పూర్తి చేసినవారికే ఆ పరికరం ఎందుకు కావాలో తెలుస్తుంది. అంతకు ముందు అది శుభ్రం చేయలేక పక్కన పడేసిన వస్తువుగా మిగులుతుంది.

వరస మార్చుకోవడం

కిట్‌తో వచ్చే సూచనల పత్రం మొదటి మెట్టులో ఇంజను కట్టమంటుంది, తరువాత అడుగున ఉండే ఛాసిస్, తరువాత సీట్లు, చిట్టచివర బాడీ. అసలు కారును కట్టే తర్కానికి ఇది సరిపోవచ్చు గాని ఇంట్లో బల్ల మీద పనిచేసేవారికి ఇది తలకిందుల వరస. కారు బాడీ మీది నిగనిగలాడే రంగు గట్టిపడడానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం కావాలి. దాన్ని చివరికి వాయిదా వేస్తే, మిగిలిన పనులన్నీ ముగిసి, పూర్తయిన కారును చూడాలన్న కోరిక పరాకాష్ఠకు చేరిన వేళ, చేయడానికి మరే పనీ లేకుండా రోజుల తరబడి ఎదురు చూడవలసి వస్తుంది. ఎక్కువ నమూనాలు పాడయ్యేది ఆ రోజుల్లోనే. పచ్చి రంగు మీద వేలు పెట్టని ఔత్సాహికుడు అరుదు. అనుభవజ్ఞులు బాడీని మొదటి రోజే చేతిలోకి తీసుకుంటారు. దాన్ని శుభ్రం చేసి, ప్రైమర్ వేసి, అది ఆరే వేళ ఇంజను భాగాలు కత్తిరిస్తారు. బాడీకి మొదటి రంగు పూత వేసి, అది ఆరే వేళ ఇంజను అతికిస్తారు. బాడీ వారం రోజులు గట్టిపడుతుండగా సీట్లు, డాష్‌బోర్డు, చక్రాలు పూర్తి చేస్తారు. ఇలా విడివిడిగా కట్టుకుని చివరికి కలిపే గుంపులను ఉపకూర్పులు అనవచ్చు. ప్రతి ఉపకూర్పుకూ ఒక చిన్న డబ్బా కేటాయించి, దాని మూత మీద తరువాత చేయవలసిన పని ఏమిటో రాసి ఉంచితే, అరగంట మాత్రమే తీరిక దొరికిన సాయంత్రం కూడా పని ఎక్కడ మొదలుపెట్టాలా అన్న తటపటాయింపు ఉండదు.

సైనిక వాహనానికి వరస వేరు. దాని రంగు ఒకటే గనుక దాదాపు మొత్తం కట్టేసి ఒకేసారి రంగు వేయవచ్చు. అక్కడ నిరీక్షణ అంతా తరువాత వచ్చే మురికి పొరల మధ్య ఉంటుంది.

భాగాలు ప్లాస్టిక్ చట్రంలో సన్నని కాడలతో అంటుకుని వస్తాయి. ఈ చట్రాన్ని స్ప్రూ అంటారు. పోత పోసేటప్పుడు భాగం అచ్చు నుంచి తేలిగ్గా ఊడివచ్చేందుకు వాడే జిడ్డు దాని మీద మిగిలి ఉండవచ్చు గనుక చట్రాలను ముందుగా గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాలి. కాడను భాగానికి ఆనించి ఒకేసారి కత్తిరిస్తే ప్లాస్టిక్ తెల్లబారి గుంట పడుతుంది. కొంచెం దూరంగా ఒకసారి, దగ్గరగా మరొకసారి కత్తిరించి, మిగిలిన మొటిమను ఉప్పుకాగితంతో అరగదీయడం మేలు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట భాగం చుట్టూ వెంట్రుకంత గీత ఉంటుంది. ప్లాస్టిక్ మీద అది కంటికి ఆనదు, రంగు పడగానే మాత్రం వెక్కిరిస్తుంది. దాన్ని కత్తి వీపుతో గీకి తీయాలి.

జిగురు గురించి ఒక అపోహ తొలగాలి. పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌కు వాడే సిమెంటు నిజానికి జిగురు కాదు. అది రెండు అంచులనూ కరిగించి ఒకటిగా కలిపే ద్రావకం. నీళ్లలా పలుచగా ఉండే రకాన్ని, భాగాలను ముందే జోడించి పట్టుకుని, సందు మీద కుంచె మొనతో తాకిస్తే చాలు, దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు సందే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. సైనోఅక్రిలేట్ అనే సూపర్ గ్లూ లోహపు, రెజిన్ భాగాలకు పనికివస్తుంది గాని దాని ఆవిరి కారు అద్దాల మీద తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది. అద్దాలకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురే శ్రేష్ఠం, ఆరాక అది కనబడదు, ఒలికినా తడిగుడ్డతో పోతుంది. రంగు వేసిన తలాల మీద సిమెంటు పట్టదు, కనుక అతుకుపడే చోట్ల రంగును గీకివేయాలి, లేదా ముందే ఆ చోట్లకు టేపు అంటించి ఉంచాలి.

రంగు, తేమ, ఎండ

కార్ల కర్మాగారంలో వేసే పూతలన్నిటి మందం కలిపినా మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని 24తో భాగిస్తే వచ్చే పలుచదనం ఏ కుంచెకూ ఏ యంత్రానికీ అందదు. అంటే ఏ నమూనా మీదనైనా రంగు స్కేలుకు మించి మందంగానే ఉంటుంది. ఆ మించడం ఎంత తక్కువైతే తలుపుల సందులు, పిడులు, అక్షరాలు అంత స్పష్టంగా నిలుస్తాయి. ఒక మందపు పూతకన్నా మూడు పలుచని పూతలు మేలన్న సూత్రానికి ఆధారం ఈ భాగహారమే.

రంగులు మూడు రకాలు. అక్రిలిక్ రంగులు చాలావరకు నీటితోనో ఆల్కహాలుతోనో పలుచబడతాయి, త్వరగా ఆరతాయి. ఎనామెల్ రంగులు టర్పెంటైన్ వంటి నూనెద్రావకాలతో పలుచబడతాయి, నిదానంగా ఆరతాయి, అందువల్ల కుంచె గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. లాకర్ రంగుల ద్రావకం అన్నిటికన్నా ఘాటైనది. నిమిషాల్లో ఆరుతుంది, కింది పొరను కొరుకుతుంది కూడా. ఒకదాని మీద ఒకటి వేసేటప్పుడు ఘాటైనది కింద, మెత్తనిది పైన ఉండాలి. ఎనామెల్ మీద లాకర్ వేస్తే కింది రంగు ముడతలు పడి లేస్తుంది. మన టింకరింగ్ షెడ్లలో వాడే ఎన్‌సీ థిన్నర్‌ను వట్టి ప్లాస్టిక్‌కు తాకించడం కూడా ఇదే కారణం వల్ల ప్రమాదం. తలం పగిలిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది. ఆటోమొబైల్ దుకాణాల్లో దొరికే స్ప్రే డబ్బాలను వాడదలిస్తే కింద ప్రైమర్ తప్పనిసరి, మొదటి పూతలు తుంపరలా మాత్రమే పడాలి.

ఇంగ్లండులోనో జపాన్‌లోనో రాసిన సూచనలు ఈ ప్రాంతపు వాతావరణానికి ఉన్నవి ఉన్నట్టు వర్తించవు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో వానాకాలపు గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. లాకర్ ద్రావకం వేగంగా ఆవిరవుతూ తలాన్ని చల్లబరచగా, గాలిలోని తేమ ఆ చల్లదనం మీద వాలి రంగును పాలచారలా తెల్లబరుస్తుంది. ముసురు పట్టిన రోజున రంగు పని మానుకుని భాగాలు రుద్దుకోవడమే దీనికి విరుగుడు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఇందుకు విరుద్ధమైన చిక్కు ఎదురవుతుంది: అక్రిలిక్ తుంపర తలాన్ని చేరేలోగానే గాలిలో సగం ఆరిపోయి గరుకైన ఇసుకపొరలా దిగుతుంది, ఎయిర్‌బ్రష్ మొనలో గడ్డకడుతుంది. అప్పుడు రంగులో ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ అనే ద్రవాన్ని కొన్ని చుక్కలు కలపాలి, లేదా తెల్లవారుజామున పని పెట్టుకోవాలి. ఇక సీలింగ్ ఫ్యాన్ ఈ అభిరుచికి ఇంటి శత్రువు. రంగు వేసే వేళ దాన్ని ఆపి, నేల మీద కాసిని నీళ్లు చిలకరించి దుమ్ము అణచి, వేసిన వెంటనే బాడీ మీద ఒక పెద్ద డబ్బా బోర్లించాలి.

రంగు చిక్కదనం పాలలా ఉండాలన్నది అందరూ చెప్పే మాట. గిన్నె అంచుకు పూసినప్పుడు మరకలా కాకుండా పలుచని పొరగా జారితే అది సరిపోయినట్టు. 0.3 మిల్లీమీటర్ల మొన ఉన్న ఎయిర్‌బ్రష్‌కు 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి చాలు. స్ప్రే డబ్బానైతే 20 సెంటీమీటర్లకు తక్కువ కాని దూరంలో పట్టుకుని, తుంపరను బాడీకి ముందే మొదలుపెట్టి, బాడీ దాటాక ఆపాలి. ఎరుపు, పసుపు రంగులు కింది రంగును కప్పలేవు గనుక వాటి కింద బూడిదరంగు కాకుండా తెలుపో గులాబీరంగో ప్రైమర్‌గా వేయాలి. ఏ రంగునైనా కారు మీద వేసే ముందు టిఫిను పొట్లంతో వచ్చే ప్లాస్టిక్ చెంచా మీద వేసి చూసుకోవడం మంచిది. చెంచా వంపు కారు బానెట్ వంపును పోలి ఉంటుంది కాబట్టి రంగు ఎలా జారుతుందో, ఎలా మెరుస్తుందో అది ముందే చెబుతుంది. చెంచాను బాడీతోపాటే ఆరబెడితే మరో ఉపకారం ఉంది: ఆరిందా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడల్లా వేలు చెంచా మీద పెట్టవచ్చు.

ఆరడం వేరు, గట్టిపడడం వేరు. చేతికి అంటుకోనంత మాత్రాన లోపలి పొర గట్టిపడినట్టు కాదు. ఎనామెల్, లాకర్ రంగుల విషయంలో దీనికి ముక్కును మించిన పరికరం లేదు. బాడీని దగ్గరగా పట్టుకుని వాసన చూస్తే ద్రావకపు వాసన ఏ కొంచెం తగిలినా ఇంకా ఆవిరి బయటికి వస్తున్నదని అర్థం, మాస్కింగ్ టేపు అంటించడానికి అది సమయం కాదు. అంత జాగ్రత్త పడినా రంగు చెడితే కిట్ పారవేయనక్కరలేదు. అక్రిలిక్ పూతలు చాలావరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో నానబెడితే ఊడివస్తాయి, ప్లాస్టిక్ చెక్కుచెదరదు.

కిటికీ తెరిచి ఉన్న గదిలో, తుంపర పని చేసేటప్పుడు ద్రావకపు ఆవిరిని ఆపగల మాస్కు ధరించి పనిచేయాలన్నది వేరే చెప్పనక్కరలేని సంగతే గాని, మామూలు గుడ్డ మాస్కు దుమ్మును ఆపినా ఆవిరిని ఆపదని గుర్తుంచుకోవాలి.

చూడడం

మెరిసే కారుకు రంగు ముగింపు. సైనిక వాహనానికి, బస్సుకు, లారీకి అది ఆరంభం మాత్రమే. వాడుకలో నలిగిన బండిలా చూపే పనిని వెదరింగ్ అంటారు. దీని పద్ధతులు ఏవీ కష్టమైనవి కావు. బాగా పలుచబరచిన ముదురు రంగును తలం మీద పారించి, సందుల్లో నిలిచిన దానిని వదలి మిగిలినది తుడిచేయడం వాష్. ఇది నీడలను చూపుతుంది. కుంచెలోని రంగును కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచి, మిగిలిన ఆ కాస్త పొడిరంగును ఎత్తైన అంచుల మీద రాపాడించడం డ్రైబ్రష్. ఇది వెలుగును చూపుతుంది. తుప్పురంగు పైన హెయిర్‌స్ప్రే కొట్టి, అది ఆరాక అక్రిలిక్ పై రంగు వేసి, తడి కుంచెతో రుద్దితే, నీటికి హెయిర్‌స్ప్రే కరిగి పై రంగు పెచ్చులుగా లేచి అడుగున తుప్పు బయటపడుతుంది. కొందరు ఇదే పనికి తడి తలం మీద ఉప్పు చల్లి, రంగు వేశాక దాన్ని రాల్చేస్తారు. అమెరికాలో షెపర్డ్ పెయిన్, బెల్జియంలో ఫ్రాంస్వా వెర్లిండెన్ గత శతాబ్దపు చివరి దశకాల్లో ఈ పద్ధతులను విస్తృత ప్రచారంలోకి తెచ్చారు.

అసలు కష్టం మురికిని ఎక్కడ పెట్టాలో తెలియడంలో ఉంది. పుస్తకాల్లోని బొమ్మలను చూసి చేసేవారు ప్రతి అంచుకూ సమానంగా తుప్పు పూస్తారు. చూడబోతే బండి సముద్రపు అడుగు నుంచి తీసినట్టుంటుంది. యుద్ధరంగంలోని ట్యాంకు అంతగా తుప్పు పట్టేదాకా బతికిన సందర్భాలు తక్కువ. వేడికి రంగు కాలిపోయే సైలెన్సరు ఒక్కటే త్వరగా ఎర్రబారుతుంది. దీనికి మందు బస్టాండులో దొరుకుతుంది. పల్లె రోడ్డు నుంచి వచ్చి ఆగిన బస్సును పావుగంట గమనిస్తే ఏ పుస్తకమూ చెప్పని వివరాలు కనిపిస్తాయి. బురద చక్రాల వెనుక భాగంలో విసనకర్రలా పరుచుకుంటుంది. వెనుక అద్దం ముందు అద్దం కన్నా మురికిగా ఉంటుంది, ఎందుకంటే కదిలే బస్సు వెనుక ఏర్పడే అల్పపీడనపు సుడి దుమ్మును వెనక్కి లాక్కుంటుంది. మెట్ల అంచున రంగు పోయి లోహం కాళ్ల రాపిడికి తళతళలాడుతుంది, అక్కడ తుప్పు ఉండదు. డీజిలు మూత కింద నల్లని ధార, కిటికీల కింద తుడిచిన చేతుల జాడ, ఎండకు వెలసిన పైకప్పు కనిపిస్తాయి. దుమ్ము రంగు కూడా ఊరి పేరు చెబుతుంది: అనంతపురం ఎర్రనేల దుమ్ము ఇటుకపొడిలా ఉంటే, గుంటూరు నల్లరేగడి తడిసినప్పుడు నల్లగానూ ఆరినప్పుడు బూడిదరంగులోనూ కనబడుతుంది. నల్లరేగడి బురద అని నలుపు పూసేవారు ఈ రెండో సంగతి మరిచిపోతారు.

ఆర్టీసీ బస్సును చేయదలచినవారు నంబరు పలకను కూడా చూడాలి. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా విభాగం నుంచి ఎదిగిన ఈ సంస్థ బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం కనబడుతుంది. అది నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, ఆ అక్షరం లేని ఆర్టీసీ బస్సు నమూనాను ఈ ప్రాంతపు చూపరి కన్ను క్షణంలో పట్టేస్తుంది.

పరిశీలనను ఎంత దూరం తీసుకుపోవచ్చన్నదానికి తామియా సంస్థ చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1970లలో పోర్షే కారు కిట్ రూపొందించేటప్పుడు, చిత్రపటాలతో తృప్తి కలగక, ఆ సంస్థ ఒక అసలు పోర్షే 911 కారునే కొని, విడిభాగాలుగా విప్పి కొలతలు తీసుకుంది. ఔత్సాహికులకు అంత అక్కరలేదు. చేయబోయే బండిని నాలుగు వైపుల నుంచీ, వంగి అడుగు భాగం నుంచీ తీసిన పదిహేను ఫోటోలు చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. అసలు బండి రంగునే తెచ్చి నమూనాకు వేస్తే అది ముదురుగా కనబడుతుంది, ఎందుకంటే దూరం నుంచి చూసే వస్తువు రంగు గాలిపొరల వల్ల కొంత వెలసినట్టుంటుంది, చిన్న నమూనా దూరాన ఉన్న పెద్ద బండి పాత్రను పోషిస్తుంది. ఏ రంగులోనైనా కాస్త తెలుపు కలిపితే ఈ తేడా సర్దుకుంటుంది. కొందరు దీన్ని లెక్కకట్టి శాతాలు చెబుతారు గాని కిటికీ పక్కన చెంచాను పట్టుకుని చూసుకోవడమే నమ్మదగిన కొలత.

నంబర్లు, అక్షరాలు, కంపెనీ గుర్తులు డెకాల్స్ రూపంలో వస్తాయి; ఇవి నీళ్లలో నానబెడితే కాగితం నుంచి జారివచ్చే పలుచని ముద్రలు. గరుకు తలం మీద అంటిస్తే వాటి కింద గాలి చిక్కుకుని వెండిపొరలా మెరుస్తుంది, కాబట్టి ముందు ఆ చోట నిగనిగలాడే వార్నిష్ వేసి, ఆరాక డెకాల్ అంటించి, తడిగుడ్డతో లోపలి నీటిని మధ్య నుంచి అంచులకు నెట్టాలి. అది రాత్రంతా ఆరాక, కారు అయితే మెరిసే వార్నిష్‌తోనూ, సైనిక వాహనమైతే మెరుపు లేని మ్యాట్ వార్నిష్‌తోనూ అంతటినీ కప్పాలి.

చివరి వార్నిష్ వేసిన సాయంత్రం అన్ని డబ్బాలూ ఖాళీ అవుతాయి. ఉపకూర్పులన్నీ కలిసి ఒక్క బండిగా మారి బోర్లించిన డబ్బా కింద ఉంటాయి, చేతులకు పని ఉండదు. ముగిసిన నమూనా మీద వేలిముద్ర పడేది ఎక్కువగా ఆ రాత్రే. అందుకే చేయి తిరిగినవారు రెండో కిట్‌ను ముందే కొని ఉంచినా దాని పెట్టెను ఆ సాయంత్రం దాకా తెరవరు. వార్నిష్ ఆరే రెండు రోజుల్లో కొత్త చట్రాలను లెక్క చూసి, సబ్బునీళ్లలో కడిగి, బట్టలతోపాటు దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరవేస్తారు.